ల్యాబ్‌కి ఏ గాజు సీసా? ఇండెంట్ రాసే ముందు ఒకసారి చూసుకోండి

డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో చేరిన కొత్తలో జరిగిన సంగతి. మర్నాడు బీఎస్సీ ప్రాక్టికల్స్. 40 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కావాలి. బీకర్లన్నీ సింకులో ఉన్నాయి, నాకేమో తొందర. నేరుగా రసాయనాలు దాచే రీజెంట్ సీసాలోనే నీళ్లు పోసి, కాస్టిక్ సోడా బిళ్లలు వేసి తిప్పడం మొదలుపెట్టాను. సీసా ముందు చేతికి గోరువెచ్చగా తగిలింది, కాసేపటికి పట్టుకోలేనంత వేడెక్కింది. బల్ల మీద పెట్టి పక్కకు వెళ్లాను. ఐదు నిమిషాల తర్వాత అటెండర్ గారు దాన్ని పక్కన పెడదామని మెడ పట్టుకుని పైకెత్తారు.

"సార్, దీనికి అడుగు లేదండీ!"

సీసా ఆయన చేతిలో ఉంది. అడుగు మాత్రం దోసె చుట్టూ అట్లకాడ తిప్పినట్టు గుండ్రంగా ఊడి బల్ల మీదే ఉండిపోయింది. ద్రావణం బల్ల అంచు నుంచి ధార కడుతోంది. ఆయన చెప్పు తడిసింది కానీ కాలికి అంటలేదు. వెంటనే కుళాయి కింద కాలు పెట్టించి పావుగంట కడిగించాం.

ఆ రోజు దాకా నాకు సీసా అంటే సీసాయే. అది సోడా లైమ్ గాజుది, అంటే కిటికీ అద్దానికీ పచ్చడి సీసాకీ వాడే మామూలు గాజు. కాస్టిక్ సోడా కరిగేటప్పుడు పుట్టే వేడికి ఆ అడుగు తట్టుకోలేదు. తప్పు నాదే. కరిగించాల్సింది బీకరులో, అదీ చన్నీళ్ల తొట్టిలో పెట్టి. చల్లారాకే సీసాలో పోయాలి. అసలు కాస్టిక్ సోడా దాచడానికి కూడా అది సరైన సీసా కాదన్న సంగతి ఇంకో ఏడాదికి గానీ నాకు తెలియలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తర్వాత హైదరాబాద్ శివార్లలోని ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. రెండు చోట్లా చూశాక ఒక సంగతి అర్థమైంది. కొనేటప్పుడు అందరూ గాజు గురించే అడుగుతారు, తర్వాత గొడవ మాత్రం ఎక్కువగా మూత దగ్గరే వస్తుంది. అందుకే ఇక్కడ గాజు గురించి అవసరమైనంత చెప్పి, మూత దగ్గర కాసేపు ఆగుతాను.

మామూలు గాజా, బోరోసిలికేటా?

బోరోసిలికేట్ గాజులో సుమారు 80 శాతం సిలికా, 13 శాతం బోరాన్ ఆక్సైడ్ ఉంటాయి. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలోని యేనా ఊళ్లో ఓటో షాట్ దీన్ని తయారుచేశాడు. 1915లో అమెరికాలో కార్నింగ్ కంపెనీ పైరెక్స్ పేరుతో అమ్మకం మొదలుపెట్టింది. మన దేశంలో 1962లో బోరోసిల్ కంపెనీ వచ్చింది. ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు, మన ల్యాబుల్లో ఏ కంపెనీ గాజునైనా బోరోసిల్ అనేస్తాం. నోటితో అంటే పరవాలేదు గానీ, ఇండెంట్‌లో, అంటే కొనడానికి రాసిచ్చే జాబితాలో, "బోరోసిల్ టైపు సీసా" అని రాస్తే సప్లయర్ తన దగ్గరున్నదేదో పంపిస్తాడు. "బోరోసిలికేట్ 3.3, ఐఎస్ఓ 3585" అని రాయండి. అప్పుడు వేరేది వస్తే వెనక్కి పంపడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.

ఆ 3.3 అనేది వేడికి గాజు ఎంత సాగుతుందో చెప్పే అంకె. మీటరు పొడవున్న గాజు కడ్డీని 100 డిగ్రీలు వేడెక్కించారనుకోండి. బోరోసిలికేట్ అయితే 0.33 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మామూలు గాజు దాదాపు 0.9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సీసా లోపలి వైపు వేడెక్కి సాగుతుంటే, బయటి వైపు ఇంకా చల్లగా ఉండి సాగనంటుంది. ఆ లాగులాటలో గాజు బీటలు వారుతుంది. మందంగా ఉంటే గట్టిగా ఉంటుందనుకుంటాం కానీ, వేడి విషయంలో మందమే శత్రువు. మందం ఎక్కువైన కొద్దీ లోపలికీ బయటికీ తేడా ఎక్కువ. సీసాలో అన్నిటికంటే మందం అడుగే కాబట్టి ముందు అదే పోతుంది.

మామూలు గాజు సీసా 30, 40 డిగ్రీల హఠాత్తు తేడాకే బీటలు వారవచ్చు. బోరోసిలికేట్ ల్యాబ్ సీసాలకు తయారీదారులు సాధారణంగా 100 డిగ్రీల దాకా తేడా ఒప్పుకుంటారు. అలాగని బోరోసిలికేట్ సీసాని బర్నర్ మీదో హాట్ ప్లేట్ మీదో పెట్టకూడదు. ఆ పని బీకరుది, ఫ్లాస్కుది. సీసా గోడ మందం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. వాక్యూమ్ పంపు తగిలించడానికి కూడా ల్యాబ్ సీసా పనికిరాదు. ప్రత్యేకంగా వాక్యూమ్, ప్రెషర్ కోసం చేసిన సీసాలు వేరే ఉంటాయి, వాటి మీద ఆ సంగతి రాసి ఉంటుంది.

మరి చేతిలో ఉన్నది ఏ గాజో ఎలా తెలుసుకోవడం? పక్కన కంపెనీ ముద్ర, 3.3 అన్న గుర్తు ఉంటే సరే. ముద్ర లేని పాత సీసాలైతే నేను నూనె పరీక్ష చేస్తాను. పగిలిన ముక్క ఒకటి పటకారుతో పట్టుకుని, చిన్న బీకరులో గ్లిజరిన్ గానీ వంటింటి పొద్దుతిరుగుడు నూనె గానీ పోసి అందులో ముంచండి. బోరోసిలికేట్ అయితే ముక్క దాదాపు మాయమైపోతుంది, అంచులు కూడా సరిగ్గా కనిపించవు. ఆ గాజు వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.47, నూనెదీ ఇంచుమించు అంతే. మామూలు గాజుది 1.52 కాబట్టి నూనెలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రాక్టికల్స్ రోజు పిల్లలకు చూపిస్తే గారడీ చూసినట్టు చూస్తారు.

అన్నీ బోరోసిలికేట్‌వే కొనాలా? అక్కర్లేదు. ధర చాలా తేడా ఉంటుంది. గది వేడిలోనే ఉండే ఉప్పులు, పలచని ఆమ్లాలు, ఇండికేటర్లు, గుణాత్మక విశ్లేషణ కారకాలు మామూలు గాజులో నిక్షేపంగా ఉంటాయి. మార్కెట్లో గాఢ ఆమ్లాలు వచ్చే 2.5 లీటర్ల గోధుమ రంగు సీసాలు కూడా సాధారణంగా మామూలు గాజువే. కాలేజీ బడ్జెట్‌తో ప్రతి కారకానికీ బోరోసిలికేట్ కొనడం డబ్బు దండగ అని నా అభిప్రాయం.

ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిలో ఆవిరితో క్రిములను చంపే పాత్ర) పెట్టేవి, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమాలను విడదీసి కొలిచే యంత్రం) లోపల పారే ద్రావణి అయిన మొబైల్ ఫేజ్, వేడి మీద పోయాల్సిన మీడియా (సూక్ష్మజీవులను పెంచే ద్రవాలు), నెలల తరబడి గాఢత మారకూడని ప్రామాణిక ద్రావణాలు, పీహెచ్ మారకుండా పట్టి ఉంచే బఫర్లు మాత్రం బోరోసిలికేట్‌లోనే పెట్టండి. మామూలు గాజులోంచి సోడియం కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. అందులో శుద్ధ జలం పోసి కొన్ని వారాలు వదిలేస్తే పీహెచ్ పైకి జరుగుతుంది. ఈ కారణంగానే ఫార్మకోపియాలు (మందుల ప్రమాణాలు చెప్పే గ్రంథాలు) మందుల గాజును టైప్ 1, 2, 3 అని విడదీశాయి. ఇంజెక్షన్లకు ఎక్కువగా వాడే టైప్ 1 బోరోసిలికేటే.

తెల్లదా, గోధుమ రంగుదా?

ఇది తేలిక. వెలుతురుకు పాడయ్యేది గోధుమ రంగు సీసాలో, మిగతావి తెల్లదాంట్లో, అంటే రంగులేని గాజులో. సిల్వర్ నైట్రేట్, పొటాషియం పర్మాంగనేట్, అయోడిన్, గాఢ నైట్రిక్ ఆమ్లం, క్లోరోఫాం, ఈథర్లు, కార్ల్ ఫిషర్ రీజెంట్ (తేమ కొలిచే ద్రావణం) గోధుమ రంగులో ఉండాలి. నైట్రిక్ ఆమ్లం ఎండ తగిలితే నైట్రోజన్ డయాక్సైడ్‌గా విడిపోయి పసుపు రంగుకు మారుతుంది. క్లోరోఫాం సంగతి అంతకంటే పెద్దది. వెలుతురు, గాలి రెండూ తగిలితే అందులో ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. దాన్ని ఆపడానికే అమ్మేవాళ్లు కొంచెం ఇథనాల్ గానీ ఏమిలీన్ గానీ కలుపుతారు.

గోధుమ రంగు గాజు నీలం, అతినీలలోహిత కాంతిని ఆపుతుంది, వేడిని ఆపదు. కిటికీ పక్కన ఎండలో పెట్టిన గోధుమ సీసా తెల్లదానికంటే ఎక్కువే వేడెక్కుతుంది. "బ్రౌన్ సీసా కదా సార్, ఎండలో పెడితే ఏమవుతుంది" అని అడిగిన కుర్రాళ్లు నాకు ప్రతి బ్యాచ్‌లోనూ తగిలారు.

హెచ్‌పీఎల్‌సీ చేసేవాళ్లకు ఒక మాట. ఫాస్ఫేట్ బఫర్‌ని తెల్ల సీసాలో ఇన్‌స్ట్రుమెంట్ పైన పెట్టి వారం వదిలేస్తే నాచు మొలుస్తుంది. గోధుమ రంగు సీసాతో అది తగ్గుతుంది. బఫర్ మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా చేసుకోవాల్సిందే.

అసలు తగాదా మూతతో

రీజెంట్ సీసాలకు ప్రధానంగా రెండు రకాల మూతలు. ఒకటి గరుకుగా నూరిన గాజు బిరడా, రెండోది మరమూత.

గాజు బిరడా పాతకాలపు పద్ధతి అని తీసిపారేయకండి. అయోడిన్, బ్రోమిన్ నీరు, సిల్వర్ నైట్రేట్, పర్మాంగనేట్ లాంటివాటికి ఇప్పటికీ అదే మంచిది. అయోడిన్ రబ్బరుని తినేస్తుంది, ప్లాస్టిక్ మూతకి మరక పట్టిస్తుంది. గాజు బిరడాను ఏమీ చేయలేదు. కాకపోతే అది గాలి చొరబడనంత బిగువు కాదు. పైగా సీసా పడితే ముందు ఊడేది అదే. కొనేటప్పుడు ఏ సీసా బిరడా ఏ సీసాకైనా సరిపోయే రకం తీసుకోండి. జతలుగా నూరినవైతే, కడిగిన రోజున ఏది దేనిదో తేలక సింకు దగ్గర సంత అవుతుంది. ఖాళీ సీసాలు బీరువాలో పెట్టేటప్పుడు మెడకీ బిరడాకీ మధ్య చిన్న కాగితం ముక్క పెడితే అతుక్కుపోవు.

ఇప్పుడు కాస్టిక్ సోడా దగ్గరికి వద్దాం. క్షారం గాజులోని సిలికాతో చర్య జరిపి సోడియం సిలికేట్ చేస్తుంది. నున్నటి గోడ మీద ఇది నెమ్మదిగా జరుగుతుంది. కానీ బిరడా, మెడ కలిసే గరుకు చోట క్షారం సన్నటి పొరలా నిలిచిపోయి, రెండింటినీ సిమెంటు వేసినట్టు అతికేస్తుంది. అడుగు ఊడిన సీసా తర్వాత నేను బుద్ధిగా బీకరులో కరిగించి, చల్లార్చి, గాజు బిరడా ఉన్న సీసాలో పోసి సెలవులకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది ఊడనంది. క్షారంతో టైట్రేషన్ చేసి కడగకుండా వదిలేసిన బ్యూరెట్‌లో గాజు కుళాయి బిగుసుకుపోవడం డిగ్రీ చదివిన ప్రతివాళ్లూ చూసే ఉంటారు. ఇదీ అదే. సోడియం, పొటాషియం హైడ్రాక్సైడ్‌లు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ సీసాలో పెట్టండి. తప్పక గాజులోనే పెట్టాల్సి వస్తే రబ్బరు బిరడా వాడండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళితే గాఢత కూడా పడిపోతుంది కాబట్టి మూత వదులుగా ఉండకూడదు.

బిగుసుకున్న బిరడా తీయడానికి గుడ్డను వేడి నీళ్లలో ముంచి మెడ చుట్టూ చుట్టండి. మెడ కాస్త సాగాక, చెక్క పిడితో బిరడాను అటూ ఇటూ మెల్లగా తట్టండి. రక్షణ కళ్లద్దాలు, మందమైన గ్లవుజులు తప్పనిసరి. రెండుసార్లు ప్రయత్నించినా రాకపోతే వదిలేయండి, సీసా ధర కంటే చెయ్యి ముఖ్యం. ఈథర్, టెట్రాహైడ్రోఫ్యూరాన్, పెర్‌క్లోరిక్ ఆమ్లం, ఎండిపోయిన పిక్రిక్ ఆమ్లం ఉన్న సీసాలైతే ఈ పద్ధతి కూడా వద్దు. మెడ దగ్గర స్ఫటికాలు కనిపిస్తే అసలు ముట్టుకోకండి. గదిలోకి ఎవరినీ రానివ్వకుండా ల్యాబ్ ఇన్‌చార్జికీ సేఫ్టీ వాళ్లకీ చెప్పండి. మూత తిప్పే రాపిడికే పేలే అవకాశం ఉంది.

ఇక మరమూతలు. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి జీఎల్ 45 రకం. 100 మిల్లీలీటర్ల సీసా నుంచి పెద్ద పెద్ద సీసాల దాకా చాలావాటికి ఇదే మూత సరిపోతుంది. అదే దీని గొప్ప. నీలం రంగు మూత పాలీప్రొపిలీన్‌ది, 140 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఎరుపు రంగుది పీబీటీ ప్లాస్టిక్‌ది, 180 డిగ్రీల దాకా పనిచేస్తుంది, లోపల టెఫ్లాన్ పూత ఉన్న లైనర్ (మూత లోపల అమర్చే పలచని బిళ్ల) ఉంటుంది. నీళ్లలో చేసిన ద్రావణాలకూ బఫర్లకూ మీడియాకూ నీలం చాలు. డైక్లోరోమీథేన్, టోలూయిన్ లాంటి ద్రావణులకు పాలీప్రొపిలీన్ ఉబ్బుతుంది. గాఢ నైట్రిక్ ఆమ్లం తగిలితే కొన్నాళ్లకు పెళుసెక్కి మర దగ్గర పొడిపొడిగా రాలుతుంది. అలాంటి ద్రావణులకు ఎరుపు మూతకి అదనంగా పెట్టే డబ్బు వృథా కాదు.

లైనర్‌ని కడిగి తిరిగి పెట్టేటప్పుడు చాలామంది తలకిందులుగా పెడతారు. నున్నగా మెరిసే టెఫ్లాన్ వైపు సీసాలోని ద్రవానికి ఎదురుగా ఉండాలి, మెత్తటి సిలికోన్ వైపు మూతకి ఆనాలి. తిప్పి పెడితే ద్రావణి సిలికోన్‌ని నానబెడుతుంది, అందులోంచి వచ్చినవి మీ క్రొమాటోగ్రామ్‌లో (హెచ్‌పీఎల్‌సీ గీసే గ్రాఫ్‌లో) దిక్కుతెలియని పీకులుగా కనిపిస్తాయి. ఓసారి మా ల్యాబ్‌లో ఇద్దరు అనలిస్టులు రెండు రోజులు కాలమ్‌ని (ఆ యంత్రంలో పదార్థాలను విడదీసే గొట్టాన్ని) తిట్టుకున్నారు. చివరికి దోషం రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉన్న ఆ లైనర్‌ది అని తేలింది.

కొన్ని సీసాలకు బిగువు మూతే ప్రమాదం. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది. గాఢ ఫార్మిక్ ఆమ్లం నెమ్మదిగా కార్బన్ మోనాక్సైడ్‌గా, నీరుగా విడిపోతుంది. బ్లీచింగ్ ద్రావణం కూడా ఊరికే ఉండదు. వీటికి గాలి బయటికి పోయే వెంటెడ్ మూతలు దొరుకుతాయి, సప్లయర్ ఇచ్చిన సీసాకు ఆ మూత ఉంటే తీసేసి మామూలు మూత పెట్టకండి. ఆక్వా రీజియా (గాఢ హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం), పిరానా ద్రావణం (గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమం) అయితే దాచుకోకూడదు. కావలసినంత చేసుకుని, పని అయ్యాక ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే గూడు) తెరిచి ఉంచి చల్లార్చి, పద్ధతి ప్రకారం పారేయాలి.

ఆటోక్లేవ్ సంగతి కూడా మూతదే. 121 డిగ్రీలకు పెట్టేటప్పుడు మూతను ఒక చుట్టు వదులు చేయండి, సీసా మూడింట రెండు వంతులకు మించి నింపకండి. బిగించి పెడితే లోపల ఒత్తిడి పెరిగి పగలొచ్చు. వేడిగా ఉండగానే బిగిస్తే చల్లారాక లోపల వాక్యూమ్ ఏర్పడి, మూత తిప్పడానికి ఇద్దరు కావాలి.

గాజే వద్దనిపించుకునేవి

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజుని తినేస్తుంది. సిలికాతో కలిసి సిలికాన్ టెట్రాఫ్లోరైడ్‌గా మార్చేస్తుంది. అమ్మోనియం ఫ్లోరైడ్, బైఫ్లోరైడ్ ద్రావణాలకూ గాజు పనికిరాదు. ఇవి పాలీఎథిలీన్ లేదా టెఫ్లాన్ సీసాల్లోనే ఉండాలి. వీటిని వాడే ల్యాబ్‌లో సీసాతో పాటు ఆ ఆమ్లం పడిన చోట రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ కూడా చేతికందే చోట ఉండాలి. జెల్ లేకపోతే ఆ ఆమ్లం తెరవకూడదని మా పాత ల్యాబ్‌లో నియమం. చర్మం మీద పడితే నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోగా అది లోపలికి దిగిపోతుంది.

పరమాణు శోషణం, ఐసీపీ యంత్రాల మీద లోహాలను అతి స్వల్ప మోతాదుల్లో కొలిచేవాళ్లకు కూడా గాజు నచ్చదు. గాజు సోడియం, బోరాన్ వదులుతుంది, కొన్ని లోహాలను గోడకు అంటించుకుంటుంది. ఫ్లేమ్ ఫోటోమీటర్‌కి పలచని సోడియం ప్రామాణిక ద్రావణాలు చేసి గాజులో పెట్టి, అంకెలు ఎందుకు పెరుగుతున్నాయో అర్థంకాక తల పట్టుకునేవాళ్లు ప్లాస్టిక్ సీసాకి మార్చి చూడండి.

మన ఎండాకాలం

విదేశీ కంపెనీల కేటలాగుల్లో "గది ఉష్ణోగ్రత వద్ద" అని రాస్తారు. వాళ్ల గది 20, 25 డిగ్రీలు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో కరెంటు పోయిన స్టోర్ రూము దానికి సమానం కాదు. డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకు. బయట 44 ఉన్న రోజున ఆ సీసాల్లో ద్రవం మరిగే స్థితిలోనే ఉందన్నమాట, మూత ఒక్కటే ఆపుతోంది. అమ్మోనియా ద్రావణం కూడా అంతే. మూత తిప్పీ తిప్పగానే ముఖం మీదికి కొడుతుంది.

కాబట్టి వేసవిలో అమ్మోనియా సీసాని తెరిచే ముందు గంటసేపు చల్లటి నీళ్లలో నిలబెట్టండి. మూతి మనవైపు లేకుండా, ఫ్యూమ్ హుడ్‌లో, మెల్లగా వదులు చేయండి. ఏ సీసానీ మూతి దాకా నింపవద్దు, పదో వంతు ఖాళీ వదలండి. ఈథర్‌ని ఇంట్లో వాడే మామూలు ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం వద్దు. దాని లోపలి బల్బు స్విచ్, థర్మోస్టాట్ నిప్పురవ్వకి చాలు. మండే ద్రావణుల కోసం లోపల రవ్వ పుట్టని ఫ్రిజ్‌లు ఉంటాయి. అది లేకపోతే ఈథర్ తక్కువ తక్కువగా, 500 మిల్లీలీటర్ల సీసాల్లోనే తెప్పించుకోవడం ఉత్తమం. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాయండి. తెరిచిన ఈథర్‌లో పేలే గుణమున్న పెరాక్సైడ్‌లు పుడతాయి, గోధుమ రంగు సీసా వాటిని పూర్తిగా ఆపలేదు. మూణ్ణెల్లకోసారి పరీక్షించండి, ఆరు నెలలు దాటితే పారేసే లెక్కలో పెట్టండి.

చలికాలంలో ఇబ్బంది వేరు. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీలకే గడ్డకడుతుంది. అరకు వైపు కాలేజీల్లో డిసెంబరు ఉదయం సీసా తెరిస్తే లోపల ఐసుగడ్డే ఉంటుంది. తొందరపడి మరిగే నీళ్లు పోస్తే మామూలు గాజు సీసా అడుగు ఊడుతుంది, నా కాస్టిక్ సోడా సీసాలాగే. గోరువెచ్చటి నీళ్లలో మూత కాస్త వదులు చేసి ఉంచితే అదే కరుగుతుంది.

ఖాళీ సీసాల మోజు

మన దగ్గర ఖాళీ సీసా పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఆమ్లాలొచ్చిన 2.5 లీటర్ల సీసాలు బాగా కడిగి, పాత లేబుల్ పూర్తిగా తీసేసి, నీటి ద్రావణాలకు వాడుకోవడంలో తప్పులేదు. వ్యర్థాలు పోయడానికి వాడేటప్పుడే ప్రమాదం. నైట్రిక్ ఆమ్లం సీసాలో కాస్త మిగిలి ఉండగా మిథనాలో అసిటోనో పోసి మూత బిగిస్తే, వాయువులు పుట్టి సీసా కొన్ని గంటల తర్వాత, ఎవరూ లేనప్పుడు పేలవచ్చు. ఆమ్లం సీసాలో ఆమ్ల వ్యర్థమే, ద్రావణి సీసాలో ద్రావణి వ్యర్థమే పోయాలి. క్లోరిన్ ఉన్న ద్రావణులు మళ్లీ వేరుగా.

నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో, ఊరగాయ సీసాల్లో రసాయనాలు పోయకండి. లేబుల్ అతికించినా సరే. దాహమేసినవాడు లేబుల్ చదవడు.

మూతి అంచు చిట్లిన సీసా, లోపల గీతలు పడ్డ సీసా, వెలుతురుకి ఎత్తి చూస్తే సన్నటి వెంట్రుకలాంటి బీట కనిపించే సీసా ఎంత ఖరీదైనదైనా విరగ్గొట్టే డబ్బాలోకే. మిగతా సీసాలను కడగడానికి తీగ కొస బయటికి పొడుచుకొచ్చిన బ్రష్‌లు వాడితే గీతలు మళ్లీ మొదలు.

మోయడం, సర్దడం

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సాంద్రత 1.84. అంటే 2.5 లీటర్ల సీసాలో ఆమ్లమే 4.6 కిలోలు, గాజు బరువు అదనం. దాన్ని మెడ పట్టుకుని చేతికి వేలాడదీసి మెట్లెక్కే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే. ఒక చెయ్యి అడుగున, ఒకటి మెడ దగ్గర. మేడ మీదికైతే పిడి ఉన్న ప్లాస్టిక్ బకెట్ లాంటి క్యారియర్. డబ్బు ఉంటే పైన ప్లాస్టిక్ పూత వేసిన గాజు సీసాలు దొరుకుతాయి. పడితే పగులుతాయి గానీ ముక్కలూ ద్రవమూ చాలావరకు పూతలోనే నిలుస్తాయి.

ఆమ్లాలు కంటి ఎత్తు కంటే కింద, ప్లాస్టిక్ ట్రేలో ఉండాలి. అక్షర క్రమంలో సర్దిన స్టోరు చూడ్డానికి బాగుంటుంది, కానీ ఎసిటోన్ పక్కన ఎసిటిక్ ఆమ్లం, నైట్రిక్ ఆమ్లం పక్కన నైట్రోబెంజీన్ చేరతాయి. ఆమ్లాలు, క్షారాలు, ఆక్సీకరణులు, మండే ద్రావణులు వేర్వేరు అరల్లో పెట్టి, ఆ అర లోపల అక్షర క్రమం పాటించుకోండి.

పోసేటప్పుడు లేబుల్ అరచేతి వైపు ఉండేలా పట్టుకోమని మా మాస్టారు మొదటి ప్రాక్టికల్ రోజే చెప్పారు. కారే చుక్క అవతలి వైపు జారుతుంది, లేబుల్ చెరిగిపోదు. లేబుల్ మీద పేరు, గాఢత, చేసిన తేదీ, చేసినవాళ్ల పొడి అక్షరాలు, ప్రమాద గుర్తు ఉంటే చాలు. బాల్‌పెన్నుతో రాసి పైన సెల్లోటేపు అతికించండి. స్కెచ్‌పెన్ను రాత తడి తగిలితే గోవిందా.

నేనైతే ఏం తెప్పిస్తానంటే

డిగ్రీ కాలేజీకైతే, కారకాలకు 250 మిల్లీలీటర్ల మామూలు గాజు సీసాలు ఎక్కువగా, అందులో నాలుగో వంతు గోధుమ రంగువి. స్టాక్ ద్రావణాలకు ఒక లీటరు బోరోసిలికేట్ మరమూత సీసాలు పది. పర్మాంగనేట్, అయోడిన్, సిల్వర్ నైట్రేట్‌లకు గాజు బిరడా గోధుమ సీసాలు. ఘన పదార్థాలకు వెడల్పు మూతివి. క్షారాలకు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌వి ఆరు. ఫార్మా ల్యాబ్‌కైతే మొబైల్ ఫేజ్‌కి బోరోసిలికేట్ తప్ప మరో మాట లేదు, తెల్లవీ గోధుమవీ సగం సగం, ద్రావణులకు ఎరుపు మూతలతో.

రెండింటికీ చివరి లైనుగా ఒకటి చేర్చండి: విడి మూతలు, విడి లైనర్లు, సీసాల సంఖ్యలో సగం. సీసా పదేళ్లొస్తుంది, లైనర్ రాదు. ఇండెంట్ చూసి పర్చేజ్ వాళ్లు ఫోన్ చేస్తారు, "సీసాలున్నాయిగా సార్, మళ్లీ ఈ మూతలెందుకు?" అని. ఫోన్‌లో వివరించకండి. పెళుసెక్కి పగిలిన పాత మూత ఒకటి శుభ్రంగా కడిగి, కవర్‌లో వేసి తీసుకెళ్లి వాళ్ల టేబుల్ మీద పెట్టండి. నాకు రెండోసారి ఫోన్ రాలేదు.